కుర్మయ్య రాజు దుంకిన రోజు

శంషాబాద్‌లో పాత బెంగళూరు రోడ్డు మీద, ఎయిర్‌పోర్టుకు తిరిగే మలుపు రాకముందే ఎడమచేతి వైపు ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. ముందర నిలబెట్టిన లారీ టైరు మీద తెల్ల రంగుతో 'పంచర్' అని రాసి ఉంటుంది. అది కుర్మయ్య దుకాణం. అతని చదరంగం గురించి చెప్పే ముందు అతను ట్యూబు ఎలా చూస్తాడో చెప్పాలి.

పంచరైన ట్యూబులో గాలి నింపి, టబ్బులోని నీళ్ళలో ముంచి తిప్పుతుంటే ఎక్కడో ఒకచోట బుడగలు లేస్తాయి. మేస్త్రీలు చాలామంది అక్కడితో ఆగిపోతారు. బుడగ లేచిన చోట ఆకురాయితో గీకి, సొల్యూషన్ పూసి, ప్యాచ్ వేసి బండి పంపించేస్తారు. కుర్మయ్య ఆగడు. దొరికిన చిల్లులో అగ్గిపుల్ల గుచ్చి గుర్తు పెట్టుకుంటాడు. తర్వాత వాల్వు దగ్గర మొదలుపెట్టి, మళ్ళీ వాల్వు చేతికి వచ్చేదాకా ట్యూబు మొత్తం తిప్పి చూస్తాడు. రెండో చిల్లు చాలాసార్లు ఉండదు. అయినా చూస్తాడు.

ఎయిర్‌పోర్టుకు పోయేవాళ్ళకు ఓపిక తక్కువ. ఒకసారి సూటుబూటులో ఉన్న ఒకాయన గడియారం చూసుకుంటూ, "చిల్లు దొరికింది కదయ్యా, ఇంకా ఏం వెతుకుతున్నావ్? నా ఫ్లైటు పోతుంది" అని కేకలేశాడు.

"ఫ్లైటు పోతే ఇంకోటి ఉంటది సారూ. నడిమిట్ల గాలి పోతే ఏం జేస్తరు?" అన్నాడు కుర్మయ్య, తల ఎత్తకుండానే.

నేను కాటేదాన్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తాను. పని ఎలా చేస్తాడో చూసి మనిషిని అంచనా వేసుకోవడం నాకు అలవాటు. చదరంగం పోటీల్లో నాది ఎప్పుడూ కింది బల్లలే. కుర్మయ్య ఆడిన ఆటల్లో నేను దగ్గర నిలబడి చూసినది ఒకటుంది. అది ఇక్కడ చెబుతున్నాను.

*

కుర్మయ్యది మంఖాల్ దగ్గరి పల్లె. తండ్రి ముత్తయ్యకు బావి కింద కొంచెం వరి, మిగతాది జొన్న. ఆ రోజుల్లో పొలాలకు కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. రైతులంతా మోటరు గది అరుగు మీద కూర్చుని ఎదురుచూసేవాళ్ళు. ఆ ఎదురుచూపులోనే ముత్తయ్య చదరంగం ఆడేవాడు. అరుగు మీది సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే మేకుతో గడులు గీసి పెట్టాడట. మోటరు మోగిందంటే ఆడేవాళ్ళిద్దరూ పారలు పట్టుకుని మడుల వైపు పరుగెత్తేవాళ్ళు. పావులు ఎక్కడివక్కడే ఉండేవి. మళ్ళీ కరెంటు పోయేదాకా వాటిని ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. మోటరు గది మర్యాద అది.

అక్కడి ఆటకు పాత పద్ధతులు ఉండేవి. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడవాలి. అవతలి అంచు చేరిన బంటు ఏ గడిలో చేరితే ఆ గడి పావే అవుతుంది. ఏనుగు గడిలో చేరితే ఏనుగు, ఒంటె గడిలో చేరితే ఒంటె. అన్నిటికంటే ముఖ్యమైనది రాజు దుంకడం. ఒక్క చెక్ కూడా పడకముందు, ఆట మొత్తంలో ఒకేసారి, రాజు గుర్రంలా గెంతవచ్చు. ఆ ఒక్క గెంతుతో రాజు మధ్యలోంచి లేచి మూలకు పోయి, బంట్ల వెనక భద్రంగా కూర్చుంటాడు. పోటీల్లో ఆడేవాళ్ళు రాజును, ఏనుగును ఒకే ఎత్తులో జరిపే క్యాస్లింగ్‌తో చేసే పని మోటరు గది రాజు ఒక్క దుంకుతో చేసుకునేవాడు.

ఎప్పుడు దుంకాలో ముత్తయ్య కొడుకు చెయ్యి పట్టుకుని నేర్పాడు. "తొందరపడి దుంకితే అక్కరకు రాదు. ఆలిశ్యం జేస్తే చెక్ పడ్తది. ఇగ మంట వెడ్తరు అనంగ దుంకాలె." మంట పెట్టడమంటే రాజు మీదికి చెక్ తేవడం. ఆ మాట కుర్మయ్య చేతిలోకి దిగిపోయింది.

రెండువేల ఎనిమిదిలో విమానాలు దిగడం మొదలయ్యాక కుర్మయ్య శంషాబాద్ వచ్చి పంచర్ దుకాణం పెట్టాడు. పావులు కొనలేదు, తనే చేసుకున్నాడు. లారీ టైరు నుంచి నల్లవి, పాత సైకిల్ ట్యూబు రబ్బరును పొరలుగా అతికించి ఎర్రవి. గుర్రం మెడ మీద జూలు కూడా కత్తి మొనతో గీశాడు. ఆ పావుల్ని నేను చేతిలోకి తీసుకుని చూశాను. అడుగులు ఎంత సమంగా కోశాడంటే బల్ల ఊగినా ఒక్కటీ పడలేదు. ఎయిర్‌పోర్టు ట్యాక్సీ డ్రైవర్లు బేరం దొరికేదాకా అతనితో ఆడి, ఓడి, వెళ్ళిపోయేవాళ్ళు.

మరుసటి ఏడాది వరప్రసాద్ గారి కారు టైరు అతని దుకాణం ముందే కూలబడింది. వరప్రసాద్ గారిది తెనాలి వైపు. హైదరాబాద్‌లో స్థిరపడి చాలా ఏళ్ళయింది. గుద్దుకున్న బండ్లను చూసి నష్టం లెక్కకట్టే బీమా సర్వేయరు ఉద్యోగం. చదరంగం పోటీల్లో జిల్లాలో అందరికీ తెలిసిన ఆటగాడు. టైరు ఊడదీస్తుండగా ఆయన కన్ను రబ్బరు పావుల మీద పడింది.

"ఎవరాడతారండీ ఇవి?"

"నేనే సారూ. ఒక ఆట ఏస్తరా? ప్యాచ్ ఆరేదాక."

వరప్రసాద్ గారు కూర్చుని బంటును రెండు గడులు నడిపారు. కుర్మయ్య దాన్ని తీసి ఒక గడి వెనక్కి పెట్టాడు.

"ఒక్క గడే సారూ. ఉరుకుతున్నరేంది అప్పుడే?"

ఆయన నవ్వి సరేనన్నారు. కాసేపటికి ఆయన ఏనుగు కుర్మయ్య రాజుకు ఎదురుగా వచ్చి నిలబడింది. కుర్మయ్య రాజును ఎత్తి అల్లంత దూరాన మూలలో పెట్టాడు.

"ఇదేమిటండీ! రాజు గుర్రంలా దూకేశాడు?"

"ఒక్కపారి దుంకుతడు. రాజు గద సారూ, గా మాత్రం ఇజ్జత్ ఉండొద్దా?"

ఆ రోజు వరప్రసాద్ గారు ఓడిపోయారు. అలవాటు లేని పద్ధతుల మీద నెపం పెట్టి వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోలేదు. వారం తిరగకముందే చెక్క పావులు, పోటీ గడియారం తెచ్చారు. శంషాబాద్ గ్యారేజీల్లో బండి చూడాల్సిన పని ఎప్పుడు పడినా, అది ముగించుకుని కుర్మయ్య దుకాణంలో ఆగేవారు. పోటీ పద్ధతులన్నీ ఆయనే నేర్పారు. ఒక వానాకాలమంతా పెద్ద పావులన్నీ డబ్బాలో పెట్టేసి, ఇద్దరు రాజులు, ఒక బంటు మాత్రమే బల్ల మీద ఉంచి ఆడించారు. బంటుకు రాజు ముందు నడవాలా, వెనక నడవాలా అన్నదే ఆ కాలమంతా పాఠం.

కుర్మయ్య అన్నీ పట్టుకున్నాడు, ఆ దుంకుడు మాత్రం చేతిని వదల్లేదు. ఆటలో మునిగిపోయినప్పుడు రాజు హఠాత్తుగా గెంతేవాడు. దుకాణంలో టైర్ల లెక్క చూసుకునే అతని భార్య జంగమ్మ అది చూసి పకపకా నవ్వేది.

"మా మామ వచ్చిండు సారూ! జర కుర్చీ ఎయ్యున్రి."

*

జంగమ్మ గురించి చెప్పకపోతే ఈ కథ నిలబడదు. కుర్మయ్య పోటీలకు పోవడం మొదలుపెట్టాక ఆదివారాలు దుకాణం ఆమె మీదే పడేది. శంషాబాద్‌లో ఆదివారం అంటే మిగతా వారమంతా ఒక ఎత్తు, ఆ రోజు ఒక ఎత్తు. ఒక మనిషిని సాగనంపడానికి రెండు జీపుల జనం వచ్చే రోజు అది. జాకీ ఎత్తడం, బోల్టులు తియ్యడం, టైరును రిమ్ము నుంచి ఊడదియ్యడం, అన్నీ ఆమే చేసేది. బాగా చేసేది కూడా. ఆమె వేసిన ప్యాచ్ ఊడిందని ఎవరూ తిరిగి రాలేదు. కానీ నడుము ఎవరిదైనా నడుమే.

ఏటా జిల్లా ఎంపిక పోటీ జరిగేది. మొదటి నలుగురు జిల్లా జట్టుగా రాష్ట్ర పోటీకి వెళ్తారు. కుర్మయ్య ఒక ఏడు ఆరో స్థానంలో ఆగాడు. తర్వాతి ఏడు ఐదో స్థానం. ఆ తర్వాత మళ్ళీ ఐదే. రెండువేల పదమూడులో పోటీకి పోయే ముందు జంగమ్మ అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇగో, ఒక్క మాట. ఈపారి ఆ నలుగుర్ల నీ పేరుంటే ఆదివారం తాళాలు నా తానే ఉంటయ్. ఎన్నేండ్లైనా నేనే తీస్త, నేనే ఏస్త. లేకుంటే ఇగ పోటీలు బంద్. ఆదివారం దుకాణానిది."

కుర్మయ్య చేతిలో ఉన్న టైరు కింద పెట్టాడు. తర్వాత, "న్యాయమే" అన్నాడు. మాట ఇచ్చాడంటే తప్పే మనిషి కాదు. అది ఆమెకూ తెలుసు, పక్క దుకాణాలవాళ్ళకూ తెలుసు.

ఆ ఏడు పోటీ తుక్కుగూడలో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. పెళ్ళిళ్ళు లేని రోజులు కాబట్టి హాలు దొరికింది. భోజనాల బల్లల మీదే బోర్డులు పరిచారు. కూలర్లు చేసే చప్పుడుకు గడియారాల టిక్కుటిక్కు వినిపించేది కాదు. కుర్మయ్యను ట్యాక్సీ డ్రైవర్ చందు రోజూ తన బండిలో దింపేవాడు. చందుకు ఆట పెద్దగా రాదు, కానీ కుర్మయ్య ఓడిపోతే తనే ఓడినట్టు ముఖం పెట్టేవాడు.

చివరి రౌండుకు ముందు ముగ్గురి స్థానాలు ఖాయమైపోయాయి. మిగిలింది నాలుగో కుర్చీ. దాని కోసం మిగిలినవాళ్ళు ఇద్దరే. జంటల కాగితం గోడకు అంటించారు. తెల్లపావులు కుర్మయ్య, నల్లపావులు వరప్రసాద్. పాయింట్ల ప్రకారం వరప్రసాద్ గారికి సమం చాలు. కుర్మయ్య గెలిచి తీరాలి.

ఇద్దరూ టీ బల్ల దగ్గర ఎదురుపడ్డారు.

"ఇవాళ నేను మీకేమీ ఇవ్వనండీ, కుర్మయ్య గారూ" అన్నారు వరప్రసాద్ గారు.

"ఇస్తే నేను తీసుకుంటనా సారూ?"

అంతే. టీ తాగి లోపలికి పోయారు.

*

నా ఆట తొందరగానే ముగిసింది. ఎలా ముగిసిందో చెప్పాల్సినంత ఆట కాదు. తాడు కట్టిన అవతల, చందు పక్కన నిలబడి వీళ్ళ బల్లనే చూశాను.

కుర్మయ్య మొదట నిదానంగా పావులు సర్దుకున్నాడు. కుడివైపు బంటును ఒక్క గడి ముందుకు జరిపి, దాని వెనక గడి ఖాళీ చేశాడు. అది ఒంటె కోసం వదిలిన గడి. కానీ ఒంటెను కదిలించే తీరిక దొరకలేదు. వరప్రసాద్ గారు మధ్యలోంచి తోసుకొచ్చారు. నల్ల ఏనుగు వచ్చి తెల్ల రాజుకు సూటిగా ఎదురుగా నిలబడింది. నడుమ ఒక్క బంటు అడ్డం. అది తెగితే దారి తెరుచుకుంటుంది. చెక్ ఇంకా పడలేదు, పడబోతోంది.

మోటరు గది అరుగు మీద ముత్తయ్య చెప్పిన పరిస్థితి సరిగ్గా అదే. 'ఇగ మంట వెడ్తరు అనంగ.'

కుర్మయ్య చెయ్యి లేచింది. రాజును పట్టుకుంది. పక్కనున్న ఒంటె మీదుగా ఎత్తి, ఆ ఖాళీ గడిలో నెమ్మదిగా పెట్టి, గడియారం నొక్కింది. ఎంత సహజంగా జరిగిందంటే ఆ క్షణంలో నాకు కూడా తప్పు కనపడలేదు. రాజు అక్కడ చాలా బాగున్నాడు. అతని ఇల్లే అన్నట్టు కూర్చున్నాడు.

వరప్రసాద్ గారు బోర్డు వైపు చూశారు. గడియారం ఆపారు. కుర్మయ్య ముఖం చూడకుండా చెయ్యి పైకెత్తారు.

"సార్, రాజు తప్పు గడికి వెళ్ళాడండీ."

పోటీలో తీర్పు చెప్పే ఆర్బిటర్ అనంతయ్య వచ్చారు. వంగి చూశారు. కుర్మయ్య అప్పుడు బోర్డు చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆర్బిటర్ ఏదో అడగబోతుంటే, "నాదే తప్పు సారూ. దుంకిండు" అన్నాడు.

పద్ధతి ప్రకారం రాజును వెనక్కి పెట్టించారు. వరప్రసాద్ గారి గడియారంలో రెండు నిమిషాలు కలిపారు. అది పెద్ద విషయం కాదు. ముట్టుకున్న పావునే నడపాలన్నది పోటీ నియమం. కుర్మయ్య ఇప్పుడు రాజునే నడపాలి. రాజుకు ఒక పక్క మంత్రి, ఇంకో పక్క ఒంటె, ముందు మూలల్లో సొంత గుర్రం, సొంత బంటు. మిగిలిన గడి ఒక్కటే, సూటిగా ముందున్నది. రాజు ఇంట్లోంచి బయటికి, ఏనుగు దారిలోకే అడుగు వేయాలి. వేశాడు.

చందు నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. "ఖతమా అన్నా?"

నిజం చెప్పాలంటే ఖతమే అనుకున్నాను.

కుర్మయ్య లేచి బయట నల్లా దగ్గర ముఖం కడుక్కుని వచ్చాడు. కుర్చీలో కూర్చుని, రెండు అరచేతుల్నీ తొడల కింద పెట్టుకున్నాడు. తన చేతుల మీద తనే కూర్చున్నాడు. అప్పటినుంచి ఆట అయ్యేదాకా అలాగే ఆడాడు. కళ్ళతో మొత్తం చూసి, ఎత్తు ఇదీ అని తేల్చుకున్నాకే కుడిచెయ్యి బయటికి తీసేవాడు. ఎత్తు వేసి, గడియారం నొక్కి, మళ్ళీ చెయ్యి తొడ కిందికి.

వరప్రసాద్ గారు ఒక బంటు గెలుచుకున్నారు. తర్వాత మంత్రుల్ని మార్చుకున్నారు. ఆయనకు సమం చాలు, ఒక బంటు ఎక్కువ కూడా ఉంది. నేనైనా అదే చేసేవాణ్ణి. కానీ మంత్రులు పోయిన బోర్డు మీద రాజుకు మునుపటి భయం ఉండదు. నల్లరాజు క్యాస్లింగ్ చేసుకుని మూలలో బంట్ల వెనక ఉన్నాడు. తెల్లరాజు బలవంతాన ఇల్లు వదిలి ఉన్నాడు, కాబట్టి బోర్డు నడిమధ్యకు అందరికంటే ముందు చేరాడు. అక్కడినుంచి వంగి వంగి నడిచి, పోయిన బంటుకు బదులుగా ఒక నల్లబంటును తిన్నాడు. కొంతసేపటికి ఇంకొకటి.

వరప్రసాద్ గారు ఏనుగుల్ని కూడా మార్చుకున్నారు. ఆట మొత్తంలో ఆయన చేసిన పొరపాటు అదొక్కటే. అది కూడా చిన్నదే, ఒక ఎత్తు ముందో వెనకో. మిగిలినవి రాజులు, కొన్ని బంట్లు. అవీ ఒకదాన్నొకటి తినుకుంటూ పోగా చివరికి ఇద్దరు రాజులు, ఒక తెల్లబంటు మిగిలాయి.

ఆ వానాకాలం పాఠం. నేర్పినవాడు ఒకవైపు, నేర్చుకున్నవాడు ఇంకోవైపు. తెల్లరాజు దారి తుడుస్తూ నడిచాడు. బంటు వెనక నడిచింది. ఒక్క అడుగు కూడా తప్పుగా పడలేదు. వరప్రసాద్ గారి పెదవుల మీద చిన్న నవ్వు కనిపించింది. ఓడిపోతున్నానని ఆయనకు తెలుసు. కానీ ఓటమి ఒప్పుకోలేదు, ఎందుకంటే ఆయన దగ్గర ఇంకొక్క ఎత్తు మిగిలి ఉంది.

బంటు అవతలి అంచుకు ఒక్క గడి దూరంలో ఉంది. తెల్లరాజు దాని వెనకే ఉన్నాడు. వరప్రసాద్ గారు నల్లరాజును మూల దగ్గర అంచు గడిలోకి జరిపారు. చూడటానికి పారిపోతున్నట్టు ఉంది. నిజానికి అది వల.

పోటీ ఆటలో అంచు చేరిన బంటును ఏ పావుగానైనా మార్చుకోవచ్చు, కానీ అందరి చెయ్యీ మంత్రి వైపే పోతుంది. అన్నిటికంటే బలమైన పావు అదే కదా. ఇక్కడ మంత్రిని పెడితే నల్లరాజుకు చెక్ ఉండదు, కదలడానికి గడీ ఉండదు. ఎత్తు లేని రాజుకు ఓటమి లేదు, ఆట సమం. వరప్రసాద్ గారికి సమం చాలు. పోనీ, కుర్మయ్య చేతిలో మళ్ళీ మోటరు గది మేల్కొంటే? ఆ బంటు చేరబోయేది ఒంటె గడి. ఒంటెను పెడితే, ఒంటి ఒంటెతో ఎవరూ ఆటకట్టు చెయ్యలేరు. అదీ సమమే. పాత అలవాటూ ముంచుతుంది, కొత్త అలవాటూ ముంచుతుంది.

కుర్మయ్య కుడిచెయ్యి బయటికి తీశాడు. బంటును ముందుకు తోయలేదు. చెయ్యి మళ్ళీ తొడ కిందికి పోయింది.

అతని కళ్ళు కదలడం నేను చూశాను. బంటు దగ్గర మొదలయ్యాయి. నల్లరాజు చుట్టూ ఉన్న గడులన్నీ ఒక్కొక్కటే తిరిగాయి. మళ్ళీ బంటు దగ్గరికి వచ్చాయి. ఆ చూపు నాకు తెలిసినదే, దుకాణంలో టబ్బు ముందు చాలాసార్లు చూశాను. గడియారంలో అతని సమయం కరిగిపోతోంది. 

చెయ్యి బయటికి వచ్చింది. బంటును చివరి గడిలోకి తోసింది. వరప్రసాద్ గారి పక్కన వరసగా పెట్టి ఉన్న చచ్చిన తెల్లపావుల మీదికి చాచుకుంది. మంత్రిని దాటింది. ఒంటెను దాటింది. ఏనుగును తీసుకుంది.

ఏనుగు మంత్రిలా ఏటవాలుగా చూడదు. నల్లరాజుకు కదలడానికి సరిగ్గా ఒక్క గడి మిగిలింది. వరప్రసాద్ గారు రాజును ఆ గడికి జరిపారు. కుర్మయ్య ఏనుగును వరస చివరిదాకా నడిపించాడు. ఆటకట్టు.

*

వరప్రసాద్ గారు చెయ్యి చాపారు. కుర్మయ్య తన చెయ్యి ముందు లుంగీకి తుడుచుకోబోయి, ఆ రోజు ప్యాంటు వేసుకున్నానని గుర్తొచ్చి ఆగి, తర్వాత చెయ్యి కలిపాడు.

"ఏనుగును పెట్టడం నేను నేర్పలేదండీ. ఎక్కడ చూశారు?"

"ఏడ జూస్త సారూ? మంత్రిని పెడితే మీ రాజుకు పోనీకి జాగ లేదు. ఒక చిల్లు దొరికిందని ట్యూబు పక్కన పెడ్తమా?"

"ముందు రాజును నడిపినా గెలిచేవారే కదండీ. బంటు ఎక్కడికీ పోదు."

"వద్దు సారూ" అన్నాడు కుర్మయ్య గట్టిగా. "ఇయ్యాల ఆయనను మళ్ల ముట్టద్దనుకున్న."

వరప్రసాద్ గారు హాలు మొత్తం తిరిగి చూసేంత గట్టిగా నవ్వారు. నాలుగో కుర్చీ అప్పుడే పోగొట్టుకున్న మనిషి అలా నవ్వగలగడం నేను అంతకుముందు చూడలేదు.

మెట్ల దగ్గర మాత్రం చందు ఊరుకోలేదు. "సారూ, జర కండ్లు మూసుకుంటే ఏం పోయేది మీకు? దోస్తు మీదనే చెయ్యి లేపుతరా?"

వరప్రసాద్ గారి నవ్వు ఆగిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కుర్మయ్యే అందుకున్నాడు.

"నువ్వూకో చందూ. ఆయన కండ్లు మూసుకుంటే నేను ఆయనకు సుట్టాన్నైత. ఆటగాన్ని కాను. లేపిండు గాబట్టే ఇయ్యాల గెలిచిన అని జెప్పుకుంట."

చందు బండి తాళాలు తిప్పుకుంటూ ముందు నడిచాడు. వరప్రసాద్ గారు కళ్ళజోడు పెట్టుకుని, మెట్ల మీద కుర్మయ్య పక్కనే దిగారు.

మేం శంషాబాద్ చేరేసరికి పొద్దు వాలుతోంది. దుకాణం ముందు ఒక జీపు జాకీ మీద ఉంది. జంగమ్మ టైరు అంచుకు టామీ కడ్డీ దూర్చి తన బరువంతా వేసి నొక్కుతోంది. కుర్మయ్య చొక్కా చేతులు మడిచి, అవతలి వైపు ఇంకో టామీ దూర్చాడు. ఇద్దరూ కలిసి టైరు ఊడదీశారు. ఆమె ట్యూబు బయటికి లాగి టబ్బులో వేసింది. అడగాల్సింది అప్పుడు అడిగింది, అతని వైపు చూడకుండా.

"వచ్చే ఆదివారం తాళాలు ఎవరి తాన ఉండాలె?"

"నీ తాననే."

జంగమ్మ ఒక్క క్షణం ఆగింది. నీళ్ళ లోపల ట్యూబు కూడా ఆగింది. తర్వాత మళ్ళీ తిప్పడం మొదలుపెట్టింది.

"మా మామ రాలేదా ఇయ్యాల?"

"వచ్చిండు. అందరి ముందట దుంకిండు."

"మరెట్ల గెలిచినవ్?"

"దుంకినంక చేతుల మీద కూసున్న."

ఆమె నవ్వు రోడ్డు అవతలికి వినిపించింది. జీపు తాలూకు పెద్దాయన ఏమైందమ్మా అని అడిగితే, "ఏం లేదు, మా ఆయనకు చేతులున్నయని ఇయ్యాల తెలిసింది" అంది.

రాష్ట్ర పోటీలో కుర్మయ్య కొన్ని గెలిచాడు, కొన్ని ఓడాడు. రాజు ఒక్కసారి కూడా దుంకలేదు. అక్కడ కూడా చేతుల మీదే కూర్చుని ఆడాడట. ఇప్పుడు ఆ అలవాటు శంషాబాద్ డ్రైవర్లకు కూడా అంటుకుంది. ఎత్తు తోచనివాడు చేతులు తొడల కింద పెట్టుకుంటాడు.

ఆ పోటీ అయ్యాక ఒక సాయంత్రం నేను దుకాణానికి వెళ్ళేసరికి వరప్రసాద్ గారు అక్కడే ఉన్నారు. ఆయన కారు బాగానే ఉంది, టైర్లు కూడా బాగానే ఉన్నాయి. బల్ల మీద చెక్క పావులు లేవు. రబ్బరు పావులు పరిచి ఉన్నాయి.

"మీ నాన్నగారి ఆట నేర్పండి అని అడిగానండీ" అన్నారు నాతో, కొంచెం సిగ్గుపడుతూ.

బంటు ఒక్కొక్క గడే నడుస్తున్న ఆట. నిదానంగా సాగింది. కుర్మయ్య ఏనుగు వచ్చి ఎదురుగా నిలబడి చెక్ చెప్పింది. వరప్రసాద్ గారు ఉత్సాహంగా రాజును ఎత్తి గుర్రంలా గెంతించి మూలలో పెట్టారు.

కుర్మయ్య చెయ్యి పైకెత్తాడు. ఆర్బిటర్ లేడు కాబట్టి జంగమ్మ వైపు చూస్తూ ఎత్తాడు.

"చెక్ పడ్డంక దుంకరాదు సారూ. ఆలిశ్యం జేసిన్రు. వెనకకు పెట్టున్రి."

వరప్రసాద్ గారు రాజును వెనక్కి పెట్టి, వేరే పావు వైపు చెయ్యి చాచారు.

"ఊహూఁ. రాజును ముట్టిన్రు" అన్నాడు కుర్మయ్య. "రాజునే నడపాలె."

వరప్రసాద్ గారు ఒకసారి అతని వైపు చూశారు. తర్వాత రెండు చేతుల్నీ తీసి తొడల కింద పెట్టుకుని, బోర్డు మీదికి వంగారు.